దానికి మన ఇంట్లో ఏం పని?

మా అమ్మాయి లెక్కల రఫ్ పుస్తకంలో చివరి నాలుగు పేజీలు కుక్కలవి. స్కేలు పెట్టి గళ్ళు గీసింది. ఎడమవైపు పేర్లు: లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, బీగిల్, పగ్, జర్మన్ షెపర్డ్, హస్కీ. పైన ప్రశ్నలు: జుట్టు రాలుతుందా, ఎంత తింటుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, తమ్ముడితో బాగుంటుందా. మొదటి మూడు గళ్ళలో అంకెలూ కొట్టివేతలూ ఉన్నాయి. చివరి గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా టిక్కులే.

"అన్నింటికీ టిక్కు పెడితే ఇంక ఎంచుకునేదేముందే?" అని అడిగాను.

"అందరూ అలాగే చెప్తున్నారు కదమ్మా" అంది.

నిజమే. హైదరాబాదులో ఆ నెలలో మేం మూడు చోట్లకు వెళ్ళాం. మూడు చోట్లా ఒకటే మాట: "పిల్లలతో చాలా ఫ్రెండ్లీ మేడమ్." ఏసీ గదిలో గాజు తలుపు వెనక హస్కీ పిల్లను చూపించిన కుర్రాడూ అదే అన్నాడు. నెల రోజుల బుజ్జిదాన్ని అరచేతిలో పెట్టుకుని "పాలు మరిచేసింది, ఇవాళే తీసుకెళ్ళిపోవచ్చు" అన్న పెద్దాయనా అదే అన్నాడు. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు అయిదు. మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆ ఇంటికి ఏ కుక్క సరిపోతుందో ఎవరూ చెప్పలేదు, అసలు ఇల్లెలా ఉంటుందని అడిగినవాళ్ళే లేరు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న ఉండేది కొల్లేటి అంచున, కైకలూరు దగ్గర పల్లెలో. ఏ జాతి తీసుకోవాలో తేలడం లేదని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దానికి మీ ఇంట్లో ఏం పనమ్మా?" అన్నారు.

ఇంట్లో కుక్కెందుకని కాదంటున్నారేమో అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక తెలిసింది, ఆయన నిజంగానే అడిగారు. జవాబు కావాలనే అడిగారు.

మా ఊళ్ళో కుక్క జాతి ఏమిటని అడిగిన మనిషి లేడు. పని అడిగేవాళ్ళు. గడ్డిమేటు దగ్గర కాపలాదా, గొర్రెల వెంట తిరిగేదా, బాతుల వెంట తిరిగేదా అని. కోతలయ్యాక మళ్ళలో రాలిన గింజలు తినడానికి బాతులవాళ్ళు మందల్ని తోలుకుని ఊరినుంచి ఊరికి పోయేవాళ్ళు. ఆ మందల వెనక జోనంగి కుక్కలుండేవి. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్ళు, వీపు మీదికి వంగిన తోక. మామూలు కుక్కలా మొరగవు, గొంతు సాగదీసి రాగం తీస్తాయి. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటాయి. మందలోంచి పక్కకు జారిన బాతును వెనక్కి మళ్ళించి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు గట్టు మీద నడిచేవని నాన్న చెప్తారు. తర్వాత మళ్ళు చేపల చెరువులయ్యాయి. బాతులు తగ్గాయి. కొన్ని జోనంగులు చెరువుగట్ల మీద కాపలాకు మిగిలాయి, మిగతావి ఊళ్ళో కుక్కల్లో కలిసిపోయాయి. అచ్చమైన జోనంగి ఇప్పుడు అరుదు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మా అమ్మాయి పట్టికలో ఏడో పేరు చేరింది. "మన కుక్కే తెచ్చుకుందాం తాతయ్యా" అని పట్టుబట్టింది. నాన్న ఒప్పుకోలేదు. "దానికి చేను కావాలి తల్లీ, గట్టు కావాలి, పొద్దంతా పరిగెత్తాలి. మీ మూడో అంతస్తులో అది ఎక్కడ తవ్వుకుంటుంది?" అన్నారు. తన ఊరి కుక్కంటే ప్రాణమున్న మనిషి కాబట్టే ఆ మాట అనగలిగారు.

మన భాషలో జాతి అన్న మాటకు మేలైనదన్న అర్థం కూడా ఉంది. జాతిరత్నం, జాతిగుర్రం అంటాం. అందుకే జాతికుక్క అనేసరికి అది మంచిదన్న తీర్పు ఆ పేరులోనే వచ్చేస్తుంది. ఊరకుక్క అన్న మాట తిట్టుగా మిగిలిపోయింది. కానీ ప్రతి జాతి వెనకా ఎవరో ఒక పనివాడున్నాడు. గొర్రెల కాపరో, వేటగాడో, జాలరో తన పనికి పనికొచ్చేవాటిని తరతరాలు ఏరుకుంటూ పోతే తయారైందే జాతి. ఆ పని పోయింది, కుక్క ఒంట్లో ఆ పని మీది ఆశ మాత్రం పోలేదు. ఫ్లాట్లో గోడలు గీకే కుక్క, సోఫా చించే కుక్క చాలాసార్లు వెతుక్కుంటున్నది ఆ పోయిన పనినే అని నాకనిపిస్తుంది.

ఆ వెలుగులో మా అమ్మాయి పట్టికను మళ్ళీ చదివాం, ఇద్దరం కలిసి.

జర్మన్ షెపర్డ్‌ను 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఒక జాతిగా నిలబెట్టాడు. మన దగ్గర పోలీసు జాగిలంగా పేరు పడింది గానీ, దాని మొదటి పని గొర్రెల మంద చుట్టూ కదిలే కంచెలా తిరగడం. మా పాత అపార్టుమెంటులో ఒక పుట్టినరోజు నాడు ఆ ఇంటి షెపర్డ్ పరిగెత్తుతున్న పిల్లలందర్నీ మెట్ల మూలకు తోలి నిలబెట్టింది. ఒక పిల్లాడు పడి ఏడ్చాడు, కుక్క మీద పడిందని పెద్దలు కేకలు వేశారు. అది ఎవర్నీ కరవలేదు. మందను చెదరనివ్వలేదు, అంతే. బీగిల్ కుందేళ్ళ వాసన పట్టి గుంపుగా తరిమే కుక్క. ముక్కుకు ఏదైనా తగిలితే పిలుపు వినపడదు, ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుంది. పగ్‌కు ఒడిలో కూర్చోవడమే పని, ఆ మాటకొస్తే పిల్లలున్న ఇంటికి తగినదే. కానీ ఆ చదునైన ముఖంలో గాలి ఆడే దారి ఇరుకు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. మే నెలలో రొప్పడమే కష్టమైన కుక్కను ఒక ప్రకటనలో ముద్దుగా ఉందని తెచ్చుకున్న ఇళ్ళు మన నగరాల్లో ఎన్నో ఉన్నాయి.

హస్కీ దగ్గర అమ్మాయికీ నాకూ పెద్ద వాదన జరిగింది. తను బాల్టో సినిమా చూసింది. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. మందు చేరడానికి ఓడ దారి లేదు, విమానం ఎగిరే వాతావరణం కాదు. ఇరవైమంది బళ్ళు తోలేవాళ్ళు, వాళ్ళ కుక్కలు చేతులు మారుస్తూ వెయ్యి కిలోమీటర్లకు పైగా మంచులో పరిగెత్తి, అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. చివరి అంచెలో బండికి ముందు నడిచింది బాల్టో. "పిల్లల్ని బతికించిన కుక్కమ్మా అది. అంతకంటే పిల్లలకు మంచిది ఇంకేముంటుంది?" అంది. దానికి చప్పున బదులివ్వలేకపోయాను. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నాలుగు రోజుల తర్వాత తనే పుస్తకం తెచ్చి చూపించింది. హస్కీ ఎదురుగా ఇలా రాసుంది: పని, మంచులో బండి లాగడం. దాని కింద: మనకు మంచు లేదు, బండి లేదు. ఇంకా కింద చిన్న అక్షరాలతో: సారీ బాల్టో. ఆ పేజీ నేను దాచుకున్నాను.

ఇంతవరకూ నాన్న ప్రశ్నే దారి చూపింది. కానీ మా పట్టికలో అసలు గడి అలాగే ఉంది. తమ్ముడితో బాగుంటుందా? ఆ గడి ముందు నా చెయ్యి ఆగిపోవడానికి కారణం నా ఎడమ కనుబొమ కింద ఉంది.

నాకప్పుడు ఏడేళ్ళు. మా గడ్డిమేటు దగ్గర ఉండే కుక్క పగిలిన మూకుడులో అన్నం తింటోంది. వెళ్ళి పక్కన చతికిలబడి దాని మెడ చుట్టూ చేతులు వేశాను. గుర్రుమంది. ఆ చప్పుడు వినడానికి బాగుందని నవ్వాను. ఇంకా దగ్గరకు జరిగాను. తర్వాత గుర్తున్నది కళ్ళలోకి కారిన నెత్తురు. నాన్న నన్ను ఎత్తుకుని బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి, బట్టల సబ్బుతో ఆ గాయాన్ని కడుగుతూనే ఉన్నారు. పక్కింటివాళ్ళు కారం తెచ్చారు, పెట్టనివ్వలేదు. కుక్క కరిస్తే మొట్టమొదట చేయాల్సింది అదేనని, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తారు. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. 2005 నాటికి మన దేశంలో ఆ పాత మందు వాడకం ఆగిపోయింది, ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులే ఇస్తున్నారు. కానీ అవి ఒక్కటీ మానకూడదు. ర్యాబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఇప్పటికీ లేదు.

కుక్కను చంపెయ్యమని ఊరంతా అంది. నాన్న దాన్ని పశువుల పాకలో పది రోజులు కట్టేసి, అన్నం తనే పెట్టి చూస్తూ ఉన్నారు. పిచ్చి ఉంటే పది రోజుల్లో తెలిసిపోతుంది. పదకొండో రోజు గొలుసు విప్పారు. "అది గుర్రుమని చెప్పింది. మనం పిల్లకు ఆ మాట నేర్పలేదు" అన్నారు అమ్మతో. ఏడేళ్ళ పిల్లకు ఆ మాటలో తన మీద కోపం వినపడలేదు, కుక్క మీద కూడా వినపడలేదు. ఇన్నేళ్ళకూ అది నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ వస్తుంది. జనమేజయుడి యాగశాలకు వెళ్ళిన సారమేయుణ్ణి అతని తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారని రాజును నిలదీస్తుంది. అంత పెద్ద గ్రంథంలో అంత ముందే ఒక కుక్క తరఫున న్యాయం అడిగే గొంతు వినిపిస్తుంది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు మా పశువుల పాక గుర్తొస్తుంది.

మా గడ్డిమేటు కుక్క ఏ జాతి? ఎవరికీ తెలియదు. అది ఇంకో జాతిదైతే కరిచేది కాదా?

2022లో సైన్స్ పత్రికలో అమెరికా పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశారు. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి యజమానులను ప్రశ్నలడిగారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్క నడవడికీ ఇంకో కుక్క నడవడికీ మధ్య ఉన్న తేడాలో జాతి చెప్పగలిగింది సుమారు 9 శాతమేనని తేలింది. చెప్పిన మాట వినే గుణంలో జాతికి కొంత పాత్ర కనిపించింది. కానీ భయపెడితేనో ఇబ్బంది పెడితేనో ఎంత త్వరగా తిరగబడుతుందన్న సంగతి జాతిని బట్టి దాదాపు ఏమీ చెప్పలేమన్నారు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. జాతిని చూసి దాని పాత పని తెలుసుకోవచ్చు, ఎంత పరుగు కావాలో, ఎంత ఎండ తట్టుకోగలదో కూడా తెలుసుకోవచ్చు. తల్లిదండ్రులు అన్నింటికంటే ముందు అడిగే ప్రశ్న మాత్రం, నా బిడ్డ దాని మీద పడితే అది ఏం చేస్తుందన్నది, జాతి పేరు చూసి తెలుసుకునేది కాదు. సరిగ్గా ఆ గడిలోనే అందరం కళ్ళు మూసుకుని టిక్కు పెడుతున్నాం.

ప్రభుత్వం కూడా ఒకసారి జాతి పేర్లతోనే గీత గీయబోయింది. 2024 మార్చిలో పిట్ బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. సంబంధించిన వాళ్ళ మాట వినకుండా చేశారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లల మీద దాడులు జరిగి జనం కలత చెందిన రోజులవి, ఆ కలత నాకు తెలుసు. బలమైన దవడలున్న పెద్ద కుక్క చిన్నపిల్లలున్న ఇంటికి వద్దనే నేనూ అంటాను. దాని మనసు చెడ్డదని కాదు, పొరపాటు జరిగితే గాయం పెద్దదవుతుందని.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? మా పశువుల డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. పిల్లను తీసుకుంటే ముందు తల్లిని చూడండి, ఎనిమిది వారాలు నిండనిదే ఇంటికి తేవద్దు అన్నారు. 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదు కూడా. మాకు అరచేతిలో పెట్టి చూపించింది నాలుగు వారాలది! ఆ తర్వాతి నాలుగైదు వారాల్లోనే కుక్కపిల్ల తోబుట్టువులతో ఆడుతూ, గట్టిగా కొరికితే అవతలిది కీచుమని ఆట మానేస్తుందని నేర్చుకుంటుంది. పన్ను ఎంత ఆనించాలో తెలిసేది అక్కడే. ఆ బడి మాన్పించి తెచ్చి, పసిపిల్లాడి చేతిలో పెడుతున్నాం.

రెండో మాట మేం ఊహించనిది. "పిల్లే ఎందుకమ్మా? పెరిగిన కుక్కను తెచ్చుకోండి. దాని గుణమేమిటో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మీరు చూసి తెచ్చుకోవచ్చు" అన్నారు. విదేశాలకు వెళ్ళిపోతూ కుక్కను ఎవరికివ్వాలో తెలియక ఏడ్చే కుటుంబాలు తన దగ్గరికి ఎన్ని వస్తాయో చెప్పారు. అలా ఒక ఇంటికి పంపించారు. అక్కడ అయిదేళ్ళ పసుపుపచ్చ లాబ్రడార్ ఉంది.

మూడు ఆదివారాలు వెళ్ళాం. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్ళకుండా మావారూ నేనే వెళ్ళి, అది తింటుంటే దూరంగా కూర్చుని చూశాం. ఇంటివాళ్ళు పక్కనుంచి నడిచారు, తోక కదిలిందే గానీ మెడ బిగుసుకోలేదు. రెండోసారి పిల్లలు వచ్చారు. మా వాడి చేతిలోంచి స్టీలు గ్లాసు జారి గచ్చు మీద ఖంగుమని మోగింది. కుక్క అదిరిపడి గుమ్మం దాకా వెళ్ళిపోయింది. నా ఊపిరి ఆగింది. అర నిమిషం తర్వాత తనంతట తనే తిరిగొచ్చి, గ్లాసును వాసన చూసి, మా వాడి మోకాలిని వాసన చూసి, వాడి పక్కనే కూలబడింది. నాకు కావలసింది ఆ అర నిమిషమే. భయపడని కుక్క ఉండదు. భయపడ్డాక ఎటు వెళ్తుంది, ఎలా తిరిగొస్తుంది అన్నది ఏ పట్టికలోనూ రాయలేం.

లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల కుక్కలు. వలలు, జారిపోయిన చేపలు నీళ్ళలోంచి తెచ్చిచ్చేవి. తర్వాత ఇంగ్లండ్‌లో, తుపాకి దెబ్బకు రాలిన పక్షిని ఈకైనా నలగకుండా నోట కరుచుకుని తేవడానికి వాటిని మలుచుకున్నారు. జాలరి కుక్క అనగానే కొల్లేటి నాన్నకు నచ్చింది. "నీళ్ళ కుక్కేనా? అయితే మనదే" అన్నారు. ఇంకొకటి కూడా తెలుసుకున్నాం. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లాబ్రడార్లలో ఒక జన్యులోపాన్ని గుర్తించారు. దాదాపు నాలుగింట ఒక వంతు కుక్కల్లో అది ఉందని, దాని వల్ల వాటికి ఆకలి ఎక్కువని చెప్పారు. మా ఇంట్లో బిస్కెట్టు చేతిలో పట్టుకోని పిల్లలు లేరు. అందుకని బిస్కెట్లు పై అరలోకి వెళ్ళాయి, కొలత గిన్నె కిందికి దిగింది. చాక్లెట్టు, ద్రాక్ష, ఉల్లిపాయ దానికి విషమని ఫ్రిజ్ తలుపు మీద అమ్మాయి బొమ్మలు వేసి అంటించింది.

రఫ్ పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. ఈసారి గళ్ళు లేవు. మూతి నాకుతుంటే, ముఖం పక్కకు తిప్పుకుంటే, ఆవలిస్తే, కంటి తెల్లగుడ్డు కనిపిస్తే, ఒళ్ళు బిగబడితే "చాలు" అని అర్థం. గుర్రుమంటే "చాలని చెప్పానుగా" అని అర్థం. గుర్రుమన్నందుకు దాన్ని తిట్టకూడదు, తిడితే ఈసారి చెప్పకుండా కరుస్తుంది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు, తన మూలలోకి వెళ్ళినప్పుడు ముట్టుకోకూడదు. మెడ కౌగిలించుకోకూడదు. పెద్దవాళ్ళు లేకుండా తమ్ముడినీ దాన్నీ ఒక గదిలో ఉంచకూడదు. ఆ చివరిది నేను రాయించాను. ఎంత మంచి కుక్కయినా సరే, అయిదేళ్ళ పిల్లాడు ఎంత బుద్ధిమంతుడైనా సరే, ఈ నియమానికి మా ఇంట్లో మినహాయింపు లేదు.

పాత పట్టికలోంచి ఒక ప్రశ్నను మాత్రం అమ్మాయి కొత్త పేజీలోకి తెచ్చుకుంది: ఎన్నేళ్ళు బతుకుతుంది. లాబ్రడార్లు మామూలుగా పదకొండు, పన్నెండేళ్ళుంటాయి. దీనికి అయిదు. కూడికలూ తీసివేతలూ చేసుకుని, "అప్పటికి నేను ఇంటర్‌లో ఉంటానమ్మా" అంది. పెన్సిలు పక్కన పెట్టేసింది. నేనేమీ అనలేదు. పక్కన కూర్చున్నాను.

అది వచ్చి ఇప్పటికి నాలుగు నెలలు. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట చెరువు గట్టు మీద నడక. మా వాడు కొలత గిన్నెతో అన్నం పెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, వంటింటి గడప మీద చేతులు కట్టుకుని నిలబడతాడు, అది తినేదాకా. నేను వాడి వెనక నిలబడతాను. గిన్నె అంచు నేల మీద జరుగుతున్న చప్పుడు వింటూ, ఎడమ కనుబొమ ఒకసారి తడుముకుంటాను.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో నాన్న దాన్ని చాలాసేపు చూశారు. చెవులు చూపించమన్నారు, నడిపించమన్నారు. తర్వాత అమ్మాయిని అడిగారు.

"ఇంతకీ ఏం పని అప్పజెప్పారు దానికి?"

"నాన్న ఆఫీసు నుంచి రాగానే ఇంట్లో వేసుకునే చెప్పులు తెచ్చిస్తుంది తాతయ్యా. పన్ను గాటు కూడా పడదు. కానీ ఒకటే తెస్తుంది."

"రెండోది?"

"తమ్ముడు తెస్తాడు."

"సరే" అన్నారు నాన్న. "ఇద్దరికీ పని దొరికింది."